యడాగమం

ఎచూకాలో జూన్ నెల.
రేకుల షెడ్డులో మాట ముందు ఆవిరి వస్తోంది.
బల్ల మీద మూరెడు పడవ,
ముర్రే నది మీద తిరిగే చక్రాల పడవకి నకలు.
అడుగు రెడ్‌గమ్ చెక్క,
బాయిలరు ఇత్తడి గొట్టం,
చుక్కాని గది ప్లాస్టిక్కు.
మూడు ఊళ్ళ నుంచి వచ్చి
ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళలా
అంటీ ముట్టనట్టు ఉన్నాయి.

చెక్కకీ ఇత్తడికీ నడుమ
ఒక మిల్లీమీటరు సందు.
తప్పు నాదే, ఆకురాయి ఎక్కువ పట్టించాను.
వారమంతా మందుల షాపులో
చుక్కలు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని,
ఆదివారం ఇక్కడికొచ్చి లెక్క తప్పుతాను.

మొదట క్షణంలో అంటుకునే రకం తెచ్చాను.
నీళ్ళకన్నా పలచన.
సందులో దిగింది, ఆగలేదు,
అటువైపు కారి నా చూపుడువేలిని పట్టుకుంది.
పడవకి తప్ప అన్నిటికీ అతికింది.
పోతూ పోతూ కిటికీలకి తెల్లటి పొగ పూసింది.
"అది ఒరుసుకుని కూర్చునేవాళ్ళకే,
ఎడం ఉన్నవాళ్ళ జోలికి రాదు"
అంది లోర్నా పికెట్,
పాల లారీల ఇంజన్లు ముప్పై ఏళ్ళు విప్పిన మనిషి.

తెల్ల జిగురు చెక్కలో ఇంకిపోయింది.
తడి ఆరేకొద్దీ కుంచించుకుని
సందుని సందుగానే వదిలేసింది.
ఇత్తడి మీద నుంచి మాత్రం
ఎండ కాల్చిన వీపు పొరలా ఊడి వచ్చింది.
ప్లాస్టిక్కుని కరిగించి కలిపేది ఇంకోటుంది.
దానికి తన కులం తప్ప పట్టదు.

లోర్నా రెండు గొట్టాలు తీసి పెట్టింది.
"ఐదు నిమిషాలది తొందరగాళ్ళకి.
ఇది రాత్రంతా తీసుకుంటుంది.
ఈ చలికి ఇంకా ఎక్కువే."
దీనికంత, దానికంత. సమానం.
ఆ భాష నాకొచ్చు.
పెరుగు డబ్బా మూతలో పుల్లతో కలిపాను.
ఆ మూతకి ఏ జిగురూ అంటదు.
కొందరంతే, వాళ్ళ మీద కలుపుకోవాలి,
వాళ్ళతో కాదు.

చిటికెడు రంపపు పొట్టు రాల్చింది, లప్పంలా చిక్కబడింది.
"ఆగు, ముందు ఇత్తడిని గీకు.
మెరుపు పోవాలి. స్పిరిట్‌తో తుడువు.
నున్నటిదాన్ని ఏదీ పట్టుకోలేదు."
గంట సేపు పాలిష్ చేసిన గొట్టం!
కళ్ళు మూసుకుని గరుకు కాగితం పెట్టాను.

పుల్ల చివర తేనెరంగు ముద్ద వేలాడుతుంటే
ఎందుకో ఎనిమిదో తరగతి.
రెండు అచ్చులు ఎదురుపడి
ఏదీ తగ్గనంటే
నడుమ ఒక య వచ్చి కూర్చుంటుందనేది తాయారు టీచరు.
మా, అమ్మ. మాయమ్మ.
ఆ య ఇటు మాటదీ కాదు, అటు మాటదీ కాదు.
దానికంటూ అర్థం లేదు.
అది లేకపోతే నోరు మధ్యలో తడబడుతుంది.
సందులో కొమ్ము తీసేసి, గుడి కట్టి,
అడుగున చిన్న గీత గీస్తే సంధి.
ఈ సంగతి పరీక్షలో ఎవరూ అడగలేదు.

లోర్నాకి చెప్పాను,
సగం మాటలతో, సగం చేతులతో.
"అయితే మీ బళ్ళో నేర్పారన్నమాట,
ఇన్నాళ్ళూ నా జిగురు పాడుచేశావు" అని
రబ్బరు బ్యాండు చుట్టింది.
"బిగించకు.
బిగిస్తే ముద్దంతా బయటికొస్తుంది.
నడుమ ఉండాల్సింది నడుమే ఉండనీ."

మర్నాడు షాపు తెరిచే ముందు వెళ్ళాను.
గడ్డి మీద మంచు బూట్ల కింద కరకరలాడింది.
అతుకు మీద వేలు పెట్టబోతే
చెయ్యి పట్టుకుని ఆపింది.
"దాన్నడగకు."
పెరుగు మూత అందించింది.
మిగిలిన జిగురులో పుల్ల
నిటారుగా నిలబడిపోయి ఉంది.
గోరుతో నొక్కి చూశాను.
వెంట్రుకవాసి దిగింది.

"సాయంత్రం రా" అంది.